తమ్ముడి కోసం నడిచిన తాయారు

"ఇవ్వడానికి మీరు సిద్ధమేనమ్మా. మీ ఒళ్ళే సిద్ధంగా లేదు," అన్నాడు డాక్టరు నరసింహమూర్తి.

తాయారుకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. తమ్ముడు గురువులుకు రెండు కిడ్నీలూ చెడిపోయి ఏడాది కావస్తోంది. వారానికి మూడుసార్లు సూదులు గుచ్చి, ఒంట్లో రక్తమంతా బయటికి తీసి, మిషన్లో కడిగి మళ్ళీ లోపలికి పంపుతున్నారు. అతని భార్య కుసుమకుమారి తన కిడ్నీ ఇస్తానని వచ్చింది గానీ రక్తం గ్రూపు కలవలేదు. తాయారుది కలిసింది. తోడబుట్టిన అక్క, చట్టం కూడా అడ్డు చెప్పదు. ఇంకా సిద్ధంగా లేనిదేమిటి?

డాక్టరు కాగితాలు పక్కకు జరిపి నెమ్మదిగా చెప్పాడు. "మీకు యాభై ఎనిమిదేళ్ళు. వయసుతో పేచీ లేదు. కానీ బీపీ అంచు మీద ఉంది, షుగరు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఈ బరువుతో మీ దగ్గర్నుంచి ఒక కిడ్నీ తీసేస్తే, మిగిలిన రెండోది ఎన్నాళ్ళు మోస్తుందో నేను చెప్పలేను. ఒకర్ని బతికించడానికి ఇంకొకర్ని రోగిని చెయ్యలేం కదా. పన్నెండు కిలోలు తగ్గి రండి. అప్పుడు మాట్లాడుకుందాం."

బయట కారిడార్లో గురువులు బల్ల మీద గోడకు చేరగిలబడి ఉన్నాడు. నల్లబడిన మొహం, ఉబ్బిన కళ్ళకిందలు. పొలం పనికీ మూటలకీ అలవాటుపడ్డ ఆ భుజాల మీద చొక్కా ఇప్పుడు వేలాడుతోంది.

"ఏటన్నారప్పా?" అని అడిగాడు. అక్కను అప్ప అనడం వాళ్ళ వైపు అలవాటు.

"ఒళ్ళు తగ్గించుకుని రమ్మన్నారు."

గురువులు చాలా రోజుల తర్వాత నవ్వాడు. "అయితే నాను పోయినట్టే. నువ్వు తగ్గేదేటి, నాను బతికేదేటి?"

"నోరు ముయ్యిరా, ఎదవా," అంది తాయారు. అంటూనే ఆ నవ్వులో పళ్ళు మాత్రమే తెల్లగా ఉండడం చూసి మొహం తిప్పుకుంది.

పద్మనాభం అనే ఊరికి అవతల ఒక చిన్న పల్లె వాళ్ళది. గురువులు ఇంకా నడక నేర్వకముందే తల్లి జ్వరంతో పోయింది. అప్పటికి తాయారుకు పదకొండేళ్ళు. బడి మానేసింది. మానమని ఎవరూ చెప్పలేదు, పిల్లవాణ్ణి చంకనేసుకుని బడికి వెళ్ళడం కుదరలేదంతే. వాడు చంక దిగని గుంటడు. వాడిని ఎత్తుకునే వంట చేసింది, వాడిని ఎత్తుకునే నీళ్ళు తెచ్చింది. ఆర్టీసీ డిపోలో మెకానిక్కు శ్రీరామ్మూర్తితో పెళ్ళై పట్నంలో మద్దిలపాలెం కాపురానికి వచ్చిన రోజున వాడు బస్సు వెనక ఏడుస్తూ పరిగెత్తాడు. శ్రీరామ్మూర్తే బస్సు ఆపించి, దిగివెళ్ళి వాణ్ణి ఎక్కించుకుని వచ్చాడు. రెండేళ్ళు వాళ్ళ దగ్గరే పెరిగాడు.

పెద్దయ్యాక గురువులు ఒక చిన్న వేను కొనుక్కుని, చుట్టుపక్కల ఊళ్ళ కూరగాయలు ఎంవీపీ రైతుబజారుకు తోలేవాడు. తెల్లారగట్ల సరుకు దించేసి తిన్నగా అక్క ఇంటికి వచ్చేవాడు. చేతిలో కట్ట గోంగూరో, నాలుగు వంకాయలో ఉండేవి. రాగానే మొదలయ్యేది.

"ఇది గోంగూరా, గొడ్లకేసే గడ్డా?" అనేది తాయారు.

"నీ టీ కంటే నయమేలే. కుడితి నీళ్ళు గొడ్లు కూడా ముట్టవు," అనేవాడు గురువులు.

"మొదలెట్టినారా?" అని శ్రీరామ్మూర్తి పేపరు మడిచి లోపలికి పోయేవాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో ఉదయాలు అలాగే తెల్లవారాయి. గురువులుకు జబ్బు చేశాక ఆ వేను చప్పుడు ఆగిపోయింది. చెవులు దాని కోసం ఎదురుచూస్తున్నాయన్న సంగతి తాయారుకు ఆగిపోయాక గానీ తెలియలేదు.

తన ఒంటి గురించి ఆమె ఏనాడూ ఆలోచించలేదు. చెప్పిన పని చేసినంతకాలం అది ఉందన్న ధ్యాసే లేదు. కానుపుల తర్వాత కొంత, నెలసరి ఆగిపోయాక కొంత, పెరుగుతూ వచ్చింది. మోకాళ్ళు నొప్పి పెడితే జండూబాం రాసుకుంది, జాకెట్లు బిగుతైతే కుట్లు విప్పించుకుంది. ఇప్పుడు ఉన్నట్టుండి ఆ ఒళ్ళే తమ్ముడికీ ప్రాణానికీ మధ్య అడ్డంగా నిలబడింది.

గాజువాకలో ఉంటున్న కూతురు రోజారమణి సంగతి విని, మర్నాడే నల్ల పట్టీ ఉన్న వాచీ ఒకటి తెచ్చి తల్లి చేతికి కట్టింది. "ఎన్ని అడుగులేశావో ఇదే లెక్కపెడుతుందమ్మా. రోజుకి పదివేలు నీ గురి. ఒకేసారి వద్దు, మెల్లగా పెంచుకో," అని చెప్పింది.

మొదటి రోజు సాయంత్రానికే వాచీలో అంకె చాలా పైకి వెళ్ళింది. తాయారు మురిసిపోయి కూతురికి ఫోన్ చేసింది. తీరా ఆరా తీస్తే, పొద్దున్న ఆమె బండ మీద దుప్పట్లు ఉతికింది. చెయ్యి ఆడినప్పుడల్లా వాచీ అడుగని రాసుకుంది. రోజారమణి పగలబడి నవ్వింది. తాయారుకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచీ ఇంటి పని చేసేటప్పుడు వాచీ విప్పి ఫ్రిజ్ మీద పెట్టేది. తమ్ముడికి ఇచ్చేదాంట్లో దొంగలెక్క ఉండకూడదు అనుకుంది.

శివాజీ పార్కులో పొద్దున్నే ఆమె వయసు ఆడవాళ్ళు పదిమంది దాకా నడుస్తారు. చీర మీద స్పోర్ట్స్ బూట్లు, చేతికి వాచీలు. కొందరికి కొడుకులు కొనిచ్చారు, కొందరికి కోడళ్ళు. ఒకావిడ బెంచీ మీద కూర్చుని కబుర్లాడుతూనే చెయ్యి ఊపుతూ ఉండేది, ఇంటికెళ్ళాక కోడలికి లెక్క చూపించాలట. వాళ్ళందరికీ పెద్దదిక్కు సూర్యకాంతమ్మ. పోర్టులో క్రేను నడిపిన భర్త పోయాక షుగరు పట్టుకుందని నడక మొదలుపెట్టి, ఇప్పుడు కుర్రవాళ్ళని దాటేసి వెళ్తుంది.

"కొత్తగా వచ్చినావు. ఎవరి పెళ్ళికమ్మా సన్నబడతన్నావు?" అని అడిగింది.

తాయారు ఊరికే నవ్వింది. బయట ఎవరికీ చెప్పొద్దని శ్రీరామ్మూర్తి ముందే అన్నాడు. "నలుగురికీ తెలిస్తే మళ్ళీ ఎనక్కి రాలేం," అన్నాడు. వెనక్కి రావడానికి ఆయన ఒక తలుపు తెరిచి ఉంచుకుంటున్నాడని ఆమెకు తెలుసు.

నెల గడిచింది. తూకం మిషను ముల్లు కదల్లేదు. అక్కడ తమ్ముడికి రక్తం కడిగే మిషను మీద పడుకున్నప్పుడు కాళ్ళు కొంకర్లు పోతున్నాయని, అన్నం సయించడం లేదని కుసుమకుమారి ఫోన్లో చెప్పేది. తాయారుకు భయం పట్టుకుంది. సాయంత్రాలు కూడా నడవడం మొదలుపెట్టింది. రాత్రి అన్నం మానేసింది, తర్వాత పగలు కూడా మజ్జిగతో సరిపెట్టింది. మోకాళ్ళు బూరెల్లా పొంగాయి. తడిగుడ్డ చుట్టుకుని, మర్నాడు మళ్ళీ నడిచింది.

ఒకరోజు పార్కు గేటు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి కూలబడిపోయింది. తెలివి వచ్చేసరికి తల సూర్యకాంతమ్మ ఒళ్ళో ఉంది. ఎవరో అరటిపండు ఒలిచి నోట్లో పెడుతున్నారు. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక సూర్యకాంతమ్మ ఆమెను చెట్టు నీడన కూర్చోబెట్టి, "ఇప్పుడు సెప్పు. ఎందుకింత పంతం?" అంది. తాయారు చెప్పేసింది. ఒక్కసారి నోరు తెరిచాక ఆపుకోలేకపోయింది.

అంతా విని సూర్యకాంతమ్మ అరటిపండు తొక్క తీసి అవతల పారేసింది. తర్వాత, "పస్తులుంటే కండ కరుగుద్ది గానీ కొవ్వు కరగదు. అలా ఎండిపోయి ఎల్తే నీ దగ్గర ఏటి తీసుకుంటారు?" అని తిట్టింది. డాక్టరు నరసింహమూర్తి అంతకంటే గట్టిగా తిట్టాడు.

అప్పటినుంచి తిండి మారింది. గిన్నెడు అన్నం బదులు రాగులతో కాచిన చోడంబలి, పెసలు, కూర ఎక్కువ, నూనె తక్కువ. చోడంబలి మొదటి గుక్క తాగినప్పుడు తాయారుకు తల్లి లేని ఇల్లు గుర్తొచ్చింది. గురువులుకు ఉగ్గుగిన్నెతో పట్టింది అదే. ముందు వాడికి పట్టి, గిన్నె అడుగున మిగిలింది తాను నాకేది. సూర్యకాంతమ్మ తన జోరు తగ్గించుకుని ఆమె పక్కనే నడవసాగింది. ఒక వారం అరకిలో, ఒక వారం పావుకిలో, బరువు దిగడం మొదలైంది.

దాంతోపాటు శ్రీరామ్మూర్తి మాటలు కూడా తగ్గిపోయాయి.

మొదట్లో ఆయన కాదనలేదు. "ముందు తగ్గు, సూద్దాం," అన్నాడు. తగ్గదన్న ధైర్యంతో అన్న మాట అది. ఇప్పుడు ఆమె జాకెట్లు వదులవుతున్న కొద్దీ ఆయన మొహంలో భయం కనపడేది. భర్త ఒప్పుకుని సంతకం పెట్టనిదే ఆసుపత్రివాళ్ళు ఫైలును, కిడ్నీ ఇవ్వడానికి అనుమతించే కమిటీ ముందుకు పంపరు. ఆ సంతకం పెట్టాల్సిన కాగితం టీవీ పక్కన ఉంది. ఆయన దాన్ని ముట్టుకోడు, దాని మీద దుమ్ము మాత్రం పడనివ్వడు. ఒక సాయంత్రం ఆమె మళ్ళీ అడిగితే, "నీకేటైనా అయితే నాను ఎవులికి సెప్పుకోవాల?" అన్నాడు. ఆ ఒక్క మాటే.

అలా ఉండగా, డయాలసిస్ లేని ఒక రోజు మధ్యాహ్నం గురువులు వచ్చాడు. తాయారు వంటింట్లో పెసలు కడుగుతోంది. వీధి మెట్లు నాలుగే, అయినా అతని ఆయాసం ఆమెకు లోపలికి వినిపించింది. చేతులు తుడుచుకుని వెళ్ళబోతూ, అతని మాట విని ఆగిపోయింది.

"బావా, నువ్వు సంతకం పెట్టకు."

శ్రీరామ్మూర్తి కుర్చీ జరిపిన చప్పుడైంది.

"నాను సెప్తే అప్ప ఇనదు. నువ్వు పెట్టకపోతే ఆగిపోద్ది. నీ మీదకి మాట రానివ్వను. నానే వద్దన్నానని అందరికీ సెప్తాను."

"ఎందుకొద్దంటన్నావు?"

"ఇన్నాళ్ళూ తిన్నది సాలదా బావా? దాని సదువు తిన్నాను. దాని నిద్దర తిన్నాను. నీ కొత్త కాపురంలోకి ఎగేసుకుని వచ్చి కూకున్నాను. ఇప్పుడు ఒళ్ళు కూడా తినాలా?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మొన్న పార్కు కాడ ఆటో ఆపి సూసినాను. కుంటుకుంటా నడుత్తన్నాది. నాను సూడనేకపోయినాను."

తాయారు చేతిలో తుడుచుకున్న గుడ్డ అలాగే ఉంది. బయటికి వెళ్ళి వాడి చెంప వాయించాలనిపించింది. గుమ్మం పట్టుకుని అక్కడే ఉండిపోయింది. కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది. తొంగిచూస్తే శ్రీరామ్మూర్తి ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గురువులు అడగడానికి వస్తే కాదందామని ఆయన నెలల తరబడి గుండె గట్టి చేసుకుని ఉన్నాడు. ఇలా వద్దని బతిమాలడానికి వస్తాడని ఆయనకు తట్టలేదు.

మర్నాడు ఆమె పార్కు నుంచి వచ్చేసరికి ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆసుపత్రి ఎన్నింటికి తెరుత్తారు?" అని అడిగాడు.

మొత్తం ఏడు నెలల్లో తాయారు పదమూడు కిలోలు తగ్గింది. రక్తం, మూత్రం, గుండె, స్కానింగు, అన్నీ చూశారు. బీపీ దారికొచ్చింది, గుమ్మంలో నిలబడ్డ షుగరు వెనక్కి మళ్ళింది. కమిటీవాళ్ళు ఆమె ఒక్కదాన్నీ కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. "ఆడే వద్దంటన్నాడు బాబూ. బలవంతం సేత్తన్నది నానే," అంది. వాళ్ళు నవ్వలేదు, రాసుకున్నారు.

ఆపరేషన్ రోజు ఇద్దరినీ పక్కపక్క స్ట్రెచర్ల మీద తీసుకెళ్ళారు. గురువులు ఆమె వైపు చూడలేదు, పైకప్పు వైపే చూశాడు. తాయారుకు మత్తు వదిలి మొదట తెలిసింది ఎడమ పక్కన నొప్పి. రెండోది దాహం. నర్సు వంగి చెవి దగ్గర చెప్పింది. "మీ తమ్ముడికి ఆపరేషన్ బల్ల మీదే యూరిన్ వచ్చేసిందమ్మా. ధార కట్టింది."

ఏడాదిన్నరగా అతనికి చుక్క రావడమే గగనం. తాయారు ఏడుస్తుంటే కుట్లు కలుక్కుమన్నాయి. నర్సు ఏడవొద్దంది. ఆపడం ఆమె వల్ల కాలేదు.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేదేమో. కానీ తాయారు మనసు ఎక్కువ కష్టపడింది ఆ తర్వాతే.

మొదటి నెలలు గురువులు జనంలోకి రాకూడదన్నారు. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా మందులు వాడుతున్నారు, చిన్న జలుబు కూడా ప్రమాదమే. కాబట్టి వాడు రావడం లేదని ఆమె తనకు తాను చెప్పుకుంది. తర్వాత అతను మూతికి మాస్కు కట్టుకుని మళ్ళీ వేను తోలడం మొదలుపెట్టాడు. సరుకు దించడానికి మనిషిని పెట్టుకున్నాడు. రోజూ రైతుబజారుకు వస్తున్నాడు. అక్క ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. అయినా వేను చప్పుడు ఆ వీధిలోకి రాలేదు.

దసరాకు మాత్రం పెళ్ళాంతో వచ్చాడు. పళ్ళెంలో పట్టుచీర, యాపిల్ పళ్ళు తెచ్చాడు. అక్క కాళ్ళకు దండం పెట్టి, కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. "ఆరోగ్యం ఎలాగున్నాదప్పా? మంచినీళ్ళు బాగా తాగతన్నావా?" అని అడిగాడు. ఆసుపత్రిలో అడిగినట్టే ఉంది. తాయారు వంటింట్లోకి వెళ్ళి కావాలనే పంచదార వెయ్యకుండా, డికాషను చాలకుండా టీ పెట్టి తెచ్చింది. నీళ్ళలాంటి ఆ టీని గురువులు ఆఖరి చుక్క వరకూ తాగాడు.

"బాగున్నాదప్పా," అన్నాడు.

వెళ్ళేటప్పుడు కుసుమకుమారి ఆమెను పక్కకు తీసుకెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. "మీ తమ్ముడు మీ ఫోటో దేవుడి గూట్లో పెట్టినాడు వదినా. రోజూ దీపం ఎలిగిత్తాడు."

ఆ మాట మెచ్చుకోలుగానే చెప్పింది. తాయారుకు మాత్రం వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది. బతికుండగానే తనను పటం కట్టేశారు అనిపించింది.

పార్కులో అందరికీ సంగతి తెలిసిపోయింది. కొందరు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకునేవారు, కొందరు వాళ్ళ మనవరాళ్ళకు చూపించేవారు. ఎంత సన్నబడ్డావో అనేవారు. ఏ మాటా ఆమె చెవికెక్కలేదు. ఒకరోజు మోకాలి నొప్పి అని, ఒకరోజు మబ్బు అని, నడక మానేసింది. పక్కింటివాళ్ళు పంపిన బూరెలు పొద్దుపోక తినేది. జాకెట్లు మళ్ళీ చేతుల దగ్గర పట్టేయడం మొదలైంది.

ఈసారి శ్రీరామ్మూర్తి ఊరుకోలేదు. బీరువాలోంచి వాచీ తీసి, చార్జింగు పెట్టి, టీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఉన్నదొక్కటి. దాన్ని కూడా పాడు సేసుకుంటే నాను ఊరుకోను," అన్నాడు. ఆమె టీ తాగి, వాచీ కట్టుకుని వీధిలోకి వచ్చింది.

కానీ పార్కు వైపు తిరగలేదు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఆమె ఎంవీపీ కాలనీ వైపు నడిచింది.

రైతుబజారు దగ్గర ఆటోలు, వేన్లు, బస్తాలు, అరుపులు. గురువులు వేను పక్కన నిలబడి సరుకు దింపిస్తున్నాడు. అక్కను చూడగానే కంగారుగా మాస్కు పైకి లాక్కుని, గోనె దులిపి పరిచాడు. "ఇంత దూరం నడిసొచ్చినావా? కూకో అప్పా, కూకో." ఒక సంచీ తీసి లేత బెండకాయలు ఏరి వెయ్యడం మొదలుపెట్టాడు.

తాయారు కూర్చోలేదు. సంచీలోంచి ఒక కాయ తీసి చూసింది. "ముదిరిపోయిన కాయలు అప్పకి అంటగడతావేట్రా?"

అవి లేతవే. ఇద్దరికీ తెలుసు.

"మార్సి ఇత్తానప్పా," అన్నాడు గురువులు.

"మార్సొద్దు. తిట్టు."

"ఏటి?"

"తిట్టరా నన్ను. కళ్ళు కనిపించవా ముసల్దానా అను. నీ టీ కుడితి నీళ్ళను. ఇదివరకు ఎలా అనేవోడివో అలా అను."

చుట్టుపక్కల వాళ్ళు తలలు తిప్పారు. గురువులు చేతిలో సంచీ జారింది. వంగి, కింద పడ్డ బెండకాయలు ఒకటీ రెండూ ఏరాడు. తర్వాత ఒక్కసారిగా బయటపడ్డాడు.

"ఎలా తిట్టమంటావే? పొద్దున్న లేసి ఒంటేలుకెల్తే నువ్వే గుర్తొత్తావు. ఎల్లినప్పుడల్లా దొడ్డి తలుపు కాడ నిలబడి దండం పెట్టుకుంటన్నాను. అలాటి మనిసిని ఏ నోటితో తిట్టను? ఒక మాత్తర మర్సిపోతే నీ సొమ్ము దొంగిలించినట్టుంటాది. ఒళ్ళు ఎచ్చబడితే నువ్విచ్చింది పాడు సేసేత్తన్నానని బయం. నీ ఇంటికొత్తే నీ ఎడం పక్కకే ఎల్తాయి నా కళ్ళు. ఎలా కూకోను నీ ఎదురుగా?"

పక్కనున్న ఆకుకూరల మనిషి మొదటి మాటకు ఫక్కున నవ్వి, అతని మొహం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తాయారు గోనె మీద కూలబడింది. నడిచి వచ్చిన కాళ్ళు లాగుతున్నాయి. "అది నా సొమ్మెలాగవుద్దిరా?" అంది. "ఇచ్చేసినాను. సిన్నప్పుడు నీకు పెట్టిన ముద్ద ఎప్పుడైనా ఎనక్కి అడిగినానా? నీ ఒంట్లో ఉన్నాది నీదే. పాడైనా నీదే. దండం పెట్టుకుంటే దేవుడికి పెట్టుకో. మోకాళ్ళు పగిలినా నడిసినాను, ఎందుకు? నా ఇంటికొచ్చి నాతో తగువులాడే గుంటడు కావాలని. గూట్లోంచి ఆ ఫోటో తీసెయ్. అది సూసి నాను పోయినానని యముడు పొరపాటు పడతాడు."

గురువులు మాస్కు తీసి దాంతోనే కళ్ళు తుడుచుకున్నాడు. టీ తెప్పించి ఆమె చేతిలో పెట్టి, తాగేదాకా పక్కన గొంతుకూర్చున్నాడు. వేన్లో దింపుతానంటే ఆమె వద్దని నడిచే వెళ్ళిపోయింది.

వారం తర్వాత వీధిలో వేను చప్పుడైంది. తాయారు పరిగెత్తలేదు, పొయ్యి మీద పాలు ఉన్నాయి. గురువులు లోపలికొచ్చి, గోంగూర కట్ట గట్టు మీద పడేసి, టీ తాగాడు. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. ఆ రోజుకి అదే చాలనిపించింది ఆమెకు. ఫోటో గూట్లోంచి గోడ మీదకి, క్యాలెండరు పక్కకి మారిందని కుసుమకుమారి ఫోన్లో చెప్పింది.

పాత తమ్ముడు పూర్తిగా తిరిగి వచ్చాడని చెప్పలేం. ఏదో అనబోతాడు, సగంలో అతని కళ్ళు ఆమె ఎడమ పక్కకు జారతాయి, మాట మింగేస్తాడు. కొన్ని రోజులు వస్తాడు, కొన్ని రోజులు రాడు. మొదట్లో ఆ మింగిన మాటలన్నీ ఆమెకు గుచ్చుకునేవి. తర్వాత వాటిని కూడా అలవాటు చేసుకుంది. మనిషి దక్కాడు, ఆ మనిషితో పాటు కొంత బెరుకు కూడా వచ్చింది. రెంటినీ కలిపే ఇంట్లోకి రానివ్వాలి.

తాయారుకు ఇప్పుడు అరవై దాటాయి. రోజూ నడుస్తుంది. సూర్యకాంతమ్మ కూతురి దగ్గరకు ఎలమంచిలి వెళ్ళిపోయింది, అందుకని ఎక్కువ రోజులు ఒక్కతే నడుస్తుంది. అంకె తక్కువైన రోజు బెంగపడదు. బరువు ఒక కిలో అటూ ఇటూ అవుతూ ఉంటుంది.

ఏడాదికోసారి అక్కా తమ్ముడూ కలిసి ఆసుపత్రికి వెళ్తారు. కిందటిసారి డాక్టరు నరసింహమూర్తి ఆమె బరువు చూసి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "దాసుకుని బూరెలు తింటన్నాది సార్, నాను సూసినాను," అన్నాడు గురువులు. తాయారు మోచేత్తో పొడిచింది. డాక్టరు నవ్వాడు, తోడుగా వచ్చిన శ్రీరామ్మూర్తి కూడా నవ్వాడు.

పెట్టిన కిడ్నీ ఎన్నేళ్ళు పనిచేస్తుందని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. పదేళ్ళు రావచ్చు, ఇంకా ఎక్కువ రావచ్చు, రాకపోనూవచ్చు. డాక్టరు తనంతట తాను చెప్పలేదు. రక్తం ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా కారిడార్లో పక్కపక్కన కూర్చుంటారు, పెద్దగా మాట్లాడుకోరు. లోపల్నుంచి గురువులు పేరు పిలుస్తారు. ఇద్దరూ ఒకేసారి లేస్తారు.